మూరా జానెడు

మా అమ్మాయి ఇంగ్లీషు టీచరు కావాలనుకొంటున్నదని చెప్పినప్పుడు పెందుర్తిలో ఉండే మా పెద్దమ్మ కొడుకు కాసేపు ఆలోచించి, "ఇంగ్లీషువాళ్ళ దేశంలో ఇంగ్లీషువాళ్ళ పిల్లలకే ఇంగ్లీషు చెబుతుందా?" అని అడిగాడు. ఆ ప్రశ్నలో వెటకారం లేదు. కోనసీమకు కొబ్బరికాయలు మోసుకుపోవడంలా అతనికి తోచి ఉంటుంది. నిజం చెప్పాలంటే, అంతకు మూడేళ్ళ ముందు ఆమె ఇంగ్లీషు సాహిత్యంతోపాటు సృజనాత్మక రచన చదువుతానని లెస్టర్‌లోని మా వంటింట్లో నిలబడి ప్రకటించినప్పుడు నాకూ అటువంటి సందేహమే కలిగింది. కాకపోతే నేను దానిని మర్యాదగా, ఉద్యోగావకాశాల భాషలో అడిగాను.

నేను విశాఖపట్నంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివి, పెళ్ళయ్యాక ఇంగ్లండు వెళ్ళి ఆసుపత్రి ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తున్నదానిని. అమ్మాయి అక్కడే 2003లో పుట్టింది. మా ఇంట్లో ఇంగ్లీషు జీవనాధారం, తెలుగు బాధ్యత. ఈ రెండింటిలో ఏ ఒక్కదానితోనైనా మనిషి తనకోసం ఏదో ఒకటి తయారుచేసుకోవచ్చునన్న ఊహ నాకు రాలేదు. అమ్మాయికి ఎనిమిదో ఏట ఆదివారం తెలుగు తరగతిలో చేర్పించాను. విశాఖలోని అమ్మమ్మతో ఫోనులో మాట్లాడి నేర్చుకొన్న "వెళ్ళేను, చూసేను" అనే మాటలను అక్కడ తప్పులని దిద్ది, "వెళ్ళాను, చూశాను" అని పదిసార్లు రాయించారు. ఇంటికి వచ్చి, "అమ్మమ్మకి తెలుగు రాదా?" అని అడిగింది. ఆ రోజు నేను ఆ తరగతి పక్షమే వహించాను. మరుసటి ఏడాది ఆమె మానేసింది. ఈనాటికీ తెలుగు అక్షరాలను కూడబలుక్కొని చదువుతుంది గాని గబగబా చదవలేదు.

పోయిన ఏడాది, 2025 జూలైలో, డిగ్రీ పూర్తయి, సెప్టెంబరులో పీజీసీఈ అనే ఏడాది ఉపాధ్యాయ శిక్షణ మొదలుకావడానికి ముందు, రెండు నెలలు అమ్మమ్మ దగ్గర ఉంటానని పెదవాల్తేరు వచ్చింది. నేను మొదటి మూడు వారాలు సెలవు పెట్టి వెంట ఉన్నాను. వచ్చేముందు మా ఇద్దరికీ ఒక తగాదా జరిగింది. డిగ్రీ చివరి సంవత్సరంలో తాను రాసిన ఒక కథలో "గుమ్మం", "పెరడు", "మడి" అనే మాటలను ఇంగ్లీషు వాక్యాల మధ్య అట్లాగే ఉంచింది. చదివేవాళ్ళకు అర్థం కాదు గనుక కథ కింద వివరణ ఇవ్వమని నేను పట్టుబట్టాను. "ఫ్రెంచి మాట ఉంటే ఎవరూ వివరణ అడగరు కదమ్మా" అన్నది. నాకు సమాధానం తోచలేదు, కాని ఒప్పుకోలేదు. ప్రవాసంలో ఇరవై నాలుగేళ్ళుగా నన్ను నేను ప్రతివాళ్ళకూ వివరించుకొంటూ బతికినదానికి, వివరణ లేకపోవడం పొగరులాగా కనిపించింది.

నేను ఇంగ్లీషు నేర్చుకొన్న తీరు కూడా ఇందుకు కొంత కారణమేమో. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నాకు, ఇంగ్లీషు వ్యాసమంటే గైడులో ఉన్నది. రైలు ప్రయాణం, నాకు నచ్చిన పండుగ, వరద బీభత్సం వంటివి ఐదారు కంఠస్థం చేస్తే పరీక్షలో ఏదో ఒకటి వచ్చి తీరేది. తొమ్మిదో తరగతిలో ఒకసారి పండుగ వ్యాసానికి బదులు, అక్షయ తృతీయనాడు సింహాచలంలో నిజరూప దర్శనం క్యూలో నా ఎడమకాలి చెప్పు పోవడం, తక్కిన రోజంతా ఒంటిచెప్పుతో తిరగడం నాకు తెలిసిన నాలుగు ముక్కల ఇంగ్లీషులో రాశాను. మా టీచరు గారు వాక్యాల తప్పులు దిద్దలేదు. పేజీ మొత్తానికి అడ్డగీత కొట్టి, ఇది పాఠంలో లేదని రాశారు. ఆమెను తప్పుపట్టను. అరవైమంది పిల్లల నోట్సులు దిద్దే మనిషికి నా చెప్పు గొడవ ఎందుకు? కాని ఆ తరువాత నేను ఏ భాషలోనూ సొంతంగా ఒక్క పేజీ రాయలేదన్నది మాత్రం వాస్తవం.

ఇంగ్లండులో ఇందుకు భిన్నంగా ఉంటుందని నేను చాలాకాలం నమ్మాను. పదహారేళ్ళ పిల్లలు రాసే జీసీఎస్ఈ పరీక్షలో, ఏక్యూఏ బోర్డు ఇంగ్లీషు భాష మొదటి పేపరులో సృజనాత్మక రచనకే ఒక భాగం ఉన్నది. ఒక బొమ్మ ఇచ్చి వర్ణించమంటారు, లేదా ఒక కథ రాయమంటారు. సుమారు ముప్పావు గంట సమయం, నలభై మార్కులు, అందులో 24 విషయానికీ దాని అమరికకూ, 16 అక్షరదోషాలు, విరామచిహ్నాలు, వాక్యనిర్మాణం వంటి వాటికీ. మా అమ్మాయి శిక్షణకు దరఖాస్తు పెట్టేముందు అనుభవం కోసం ఒక పాఠశాలలో కొన్ని రోజులు తరగతుల వెనక కూర్చొని చూసి వచ్చింది. అక్కడ పిల్లలు ఒక తుపాను వర్ణనను ముందే తయారుచేసుకొని, బట్టీపట్టి, ఏ బొమ్మ వచ్చినా అందులోకి ఆ తుపానును లాక్కొస్తున్నారట. సముద్రతీరం బొమ్మ అయితే సరే, రైల్వే స్టేషను బొమ్మలోనూ మెరుపులే. "నల్లని మేఘాలు ఆకాశాన్ని మింగేశాయి" అన్న వాక్యం ఒకే గదిలో ఏడుగురి పుస్తకాలలో కనిపించిందని చెబుతూ ఆమె బాధపడుతుంటే, నాకు మాత్రం నవ్వు ఆగలేదు. మా గైడు సముద్రాలు దాటి వెళ్ళిందన్నమాట.

పెదవాల్తేరులో మా అమ్మ ఇంటి డాబా మీద సాయంత్రాలు వీధి పిల్లలు చేరడం ఎవరూ పూనుకొని మొదలుపెట్టినది కాదు. కింది వాటాలో అద్దెకున్నవారి అబ్బాయి హోంవర్కులో సాయం అడిగాడు. వారం తిరిగేసరికి తొమ్మిదిమంది అయ్యారు, అందులో ముగ్గురు జాలారిపేట నుంచి నడిచి వచ్చేవారు. అందరూ పన్నెండు, పదమూడేళ్ళవాళ్ళు, అందరిదీ ఇంగ్లీషు మీడియమే. తల్లిదండ్రులు లండన్ ఉచ్చారణ కోసం పంపించారని నా అనుమానం. మొదటి రోజున ఆమె వర్షం గురించి పది వాక్యాలు రాయమంటే, ఆరుగురు మేఘాలతో ఆకాశాన్ని కమ్మించారు. కాగితాలు చదివి నావైపు చూసింది. నేను మళ్ళీ నవ్వాను, ఈసారి ఆమె కూడా.

మరునాడు ఆమె ఇచ్చిన పని వేరు. "హుద్‌హుద్ వచ్చిన రోజున మీ ఇంట్లో పెద్దవాళ్ళు చేతితో ముట్టుకొన్న ఒక వస్తువు ఏమిటో అడిగి తెలుసుకోండి. దాని గురించి మాత్రమే రాయండి. మేఘాలు వద్దు."

విశాఖవాసులకు హుద్‌హుద్ గురించి చెప్పనక్కరలేదు. బయటివారి కోసం రెండు మాటలు. 2014 అక్టోబరు 12, ఆదివారం, ఆ తుపాను నేరుగా నగరం మీదనే తీరం దాటింది. ఆ పేరు ఒమాన్ దేశం ఇచ్చినది, తలమీద కుచ్చు ఉండే ఒక పక్షి పేరు. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, నగరంలో చెట్లన్నవి నేలకూలాయి, కైలాసగిరి బోడి అయింది, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోనులు లేవు. ఆ రోజులు నేను లెస్టర్‌లో గడిపాను. నాలుగు రోజులు మా అమ్మ ఫోను మోగలేదు. పదకొండేళ్ళ మా అమ్మాయి నా పక్కనే కూర్చొని, నేను డయల్ చేసిన ప్రతిసారీ ఒక కాగితం మీద గీత గీసిందన్న సంగతి, ఆమె దానిని కథగా రాసేవరకు నాకు తెలియదు. డాబా మీది పిల్లలకు అప్పుడు ఏడాదో, రెండేళ్ళో. వాళ్ళ ఊరిని అంతగా మార్చిన రోజు వాళ్ళకు గుర్తులేదు. అది గుర్తున్నవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు, అడగడమే తరువాయి.

వచ్చిన కాగితాలలో కొవ్వొత్తులు మూడు, సెల్‌ఫోన్లు రెండు. వాటిలో చెప్పుకోదగినది లేదు. ఒక అబ్బాయి తల్లి ఆ రోజంతా తన పదో తరగతి సర్టిఫికెట్లు ఉన్న ప్లాస్టిక్ కవరును జాకెట్లో పెట్టుకొని కూర్చున్నదట; వాడు ఆ కవరును తీయించి చూసి, మూల మీద ఉన్న తడిమరకను కొలిచి మరీ రాశాడు. జాలారిపేట అమ్మాయి ఒకతె, తన నానమ్మ పట్టుకొన్న పడవ తాడు గురించి రాస్తూ, సముద్రం తమ ఇల్లు చూడడానికి వచ్చిందని ఇంగ్లీషులో ఒక వాక్యం రాసింది. నా వేలు అప్రయత్నంగా ఆ వాక్యం మీదికి పోయింది. సముద్రం చూడడానికి రావడమేమిటి, నీరు ఇంట్లోకి చొచ్చుకువచ్చిందనాలి కదా. మా అమ్మాయి నా చేతిలోంచి కాగితం తీసుకొని ఆ పిల్లను అడిగింది: "వచ్చి ఎంతసేపు ఉంది?" పిల్ల ఆలోచించి, కాఫీ తాగేటంత సేపు అన్నది. "అయితే అదీ రాయి."

తరువాత క్రియల కాలం, ఏకవచనం, బహువచనం దిద్దింది, దిద్దకుండా వదలలేదు. భాషలో తప్పు ఒప్పులు లేవనే మాట ఆమె ఎన్నడూ అనదు, ఆ పదహారు మార్కుల విలువ ఆమెకు తెలుసు. వాటిని ఏ క్షణంలో అందుకోవాలన్నదే ఆమెకూ నాకూ, బహుశా మా టీచరు గారికీ ఉన్న తేడా.

ఒక ఆదివారం మా తమ్ముడు వచ్చినప్పుడు ఈ సంగతులన్నీ విని, మేనకోడలికి గురజాడ కథ చెప్పాడు. ఇక్కడికి గంట ప్రయాణం దూరంలో, విజయనగరం మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పిన గురజాడ అప్పారావుగారు మొదట ఇంగ్లీషులోనే కవిత్వం రాశారు. ఆ తరువాతే తెలుగువైపు తిరిగారు. 1914లో ఆయన మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం విద్యార్థుల వ్యాసరచన ఏ భాషలో సాగాలన్నదాని గురించే. పిల్లలు ఎవరూ మాట్లాడని గ్రాంథికంలోనే రాయాలనేవారితో ఆయన, పర్లాకిమిడి ఉపాధ్యాయుడు గిడుగు రామమూర్తిగారు చేసిన పోరాటం అది. మా అమ్మాయి అంతా విని, "అంటే అమ్మమ్మ 'వెళ్ళేను' అనడం తప్పు కాదన్నమాట" అన్నది, నావైపు చూడకుండా. పదమూడేళ్ళ పాటు ఆ ప్రశ్నను దాచుకొన్నది.

నేను తిరిగి వెళ్ళడానికి రెండు రోజుల ముందు ఆమె తన సొంత హుద్‌హుద్ కథ పూర్తిచేసి, అమ్మమ్మకు చదివి వినిపించమని నాకు ఇచ్చింది. ఇంగ్లీషు పేజీ చూస్తూ నోటితో తెలుగు చెప్పడం నేను అనుకొన్నంత తేలిక కాలేదు. ప్రయోగశాల నివేదికలు ఎన్నో అర్థం చేసి చెప్పాను గాని, నా కూతురు రాసిన వాక్యాన్ని మా అమ్మకు అందించే తెలుగు నా దగ్గర సిద్ధంగా లేదు. కథలో ఒక ముసలామె, తలుపు గెడ ఊడిపోతే, బియ్యం డబ్బాను తలుపుకు అడ్డంపెట్టి, తుపాను కన్ను ఊరి మీదికి వచ్చి గాలి ఆగిన వేళ ధైర్యంగా దాని మీద కూర్చొని ఉంటుంది.

"కన్నేటే, తుపానుకి కన్నేటి!" అన్నది అమ్మ. "గాలి ఆగిపోయింది, అంతే. అందరూ బయటికొచ్చీసేరు. నేను రాలేదు. ధైర్యవూ లేదు, పాడూ లేదు. ఆ డబ్బా మీద కూర్చుంటే నా కాళ్ళు నేలకి అందలేదు. చిన్నపిల్లలాగ ఊపుకుంటూ కూర్చున్నాను. మళ్ళీ అటువైపు నుంచి గాలి అందుకుంది."

పదకొండేళ్ళుగా ఎన్నిసార్లో విన్న ఆ రోజు కథలో కాళ్ళు ఎప్పుడూ లేవు. మా అమ్మాయి లేచి, నా చేతిలోని కాగితం తీసుకొని, "ధైర్యంగా" అన్న మాటకు సమానమైన ఇంగ్లీషు మాటను కొట్టివేసింది.

అక్టోబరులో ఒక రాత్రి ఆమె శిక్షణ పొందుతున్న ఊరి నుంచి ఫోను చేసింది. మరునాడు తరగతిలో వర్ణన గురించి పాఠం చెప్పాలట, తన కథలో ఒక పేరా పిల్లలకు చూపిస్తుందట, ఆ డబ్బా ఎత్తు ఎంతో కావాలట. నేను విశాఖకు ఫోను చేశాను. అక్కడ ఇంకా తెల్లవారలేదు గాని అమ్మ లేచే ఉన్నది. స్టోరుగదిలోకి వెళ్ళి, మోచేయి ఆనించి, చేయి చాచి కొలిచి, "మూరా జానెడు" అన్నది.

"ఇరవై ఏడు అంగుళాలు ఉంటుంది" అని అమ్మాయికి చెప్పాను.

"అమ్మమ్మ అంగుళాలు చెప్పిందా?"

లేదన్నాను.

"మరి ఏమంది? నెమ్మదిగా చెప్పు, రాసుకుంటాను."

ఒక్కొక్క అక్షరమే పలికాను. ఆమె ఇంగ్లీషు అక్షరాలలో రాసుకొని నాకు తిరిగి చదివి వినిపించింది. కింద వివరణ ఏమని ఇస్తున్నావని నేను అడగలేదు.