ఆరంగుళాల వాలు మీద ఆగే మంచు

విజయవాడలో డాబా మీద రేకుల షెడ్డు వేయించే ఇంజనీరు ముందుగా లెక్క చూసేది గాలిని. మన ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగం ఈ నగరానికి సెకనుకు 50 మీటర్ల ప్రాథమిక గాలి వేగాన్ని నిర్దేశించింది. తుపాను వేళ రేకును పైకి లేపే శక్తే ఇక్కడ అసలు బెడద కాబట్టి, దాన్ని పట్టి ఉంచే బోల్టుల దగ్గరే పనితనం తెలిసిపోతుంది. ఆ లెక్కలు నేర్చుకుని, అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఇళ్లకు చెక్క కప్పులు రూపొందించే ఉద్యోగంలో చేరిన నాకు, డ్రాయింగులోని బాణం గుర్తులు తలకిందులైనట్లు అనిపించింది. అక్కడ ప్రధాన భారం పైనుంచి కిందికి వస్తుంది, పైగా వారాల తరబడి కదలకుండా కూర్చుంటుంది.

మిన్నియాపోలిస్ ఉన్న హెన్నెపిన్ కౌంటీలో నేల మీద పేరుకునే మంచును చదరపు అడుగుకు 50 పౌండ్లుగా, రాష్ట్రపు ఉత్తర భాగంలో 60 పౌండ్లుగా లెక్కించాలని నిబంధన. మామూలు ఇంటి కప్పుకు అందులో 70 శాతం, అంటే మిన్నియాపోలిస్‌లో 35 పౌండ్లు, మన కొలతలో చదరపు మీటరుకు దాదాపు 170 కిలోలు. మనుషులు ఎక్కని కప్పుకు మన ప్రమాణం అడిగే 75 కిలోలకు ఇది రెట్టింపు కంటే ఎక్కువ. అయితే మంచు లోతు చూసి బరువు చెప్పలేము. అప్పుడే రాలిన పొడి మంచు ఘనపు మీటరుకు వంద కిలోలైనా తూగకపోవచ్చు గాని, కొన్నాళ్లు అణిగి, పైన వాన నీరు పీల్చుకున్నాక అదే 400 కిలోలు దాటగలదు.

పటమటలో ఇళ్లు కట్టించే మా మామయ్య, నేను సెలవులో వచ్చినప్పుడు, "అంత ఏటవాలుగా కట్టుకుంటారు కదరా, మంచు దానంతట అదే జారిపోదూ?" అని అడిగారు. పెంకుటింటి చూరు నుంచి వాన నీరు జారడం చూసిన వారెవరైనా అలాగే అనుకుంటారు. అమెరికాలో వాలును 12 అంగుళాల అడ్డానికి ఎన్ని అంగుళాలు లేస్తుందో చెప్పి కొలుస్తారు. ఎక్కువగా కనిపించే ఆరంగుళాల వాలు 27 డిగ్రీలకు కొంచెం తక్కువ. కప్పేమో గరుకైన తారు షింగిల్స్, అంటే ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరిచే పలుచని బిళ్లలు. ఇలాంటి కప్పుకు అమెరికా ప్రమాణం 30 డిగ్రీల లోపు వాలు పేరిట ఒక్క పౌండు కూడా తగ్గించదు, 70 డిగ్రీలు చేరితే గాని భారం సున్నా కాదు. నున్నటి లోహపు రేకు వేస్తే మంచు జారుతుంది, నిజమే. కాని అది ఎక్కడ పడుతుందన్నది ఇంకో లెక్క: గుమ్మం ముందా, గ్యాసు మీటరు మీదా, కింది వరండా కప్పు మీదా? అందుకని రేకుకు మంచును ఆపే అడ్డుపట్టీలు బిగిస్తారు. బిగించాక జారుడు వల్ల వచ్చే తగ్గింపును వదులుకోవలసిందే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మంచు మొత్తం కాదు, అది కప్పు మీద పరుచుకునే తీరు. గాలి ఒక వాలు మీది మంచును ఊడ్చి, నడికొప్పు దాటించి అవతలి వాలు మీద పోస్తుంది. అందుకే చూరు నుంచి నడికొప్పు దాకా 20 అడుగులు మించని వాసాల కప్పుకు, గాలికి మరుగైన వాలు మీద పూర్తి 50 పౌండ్లు, ఎదురు వాలు మీద ఏమీ లేనట్లు కూడా సరిచూడాలి. రెండు వైపులా సమానంగా ఉన్న బరువును తేలిగ్గా మోసే ట్రస్సులో (కప్పును మోసే, చెక్కలు త్రికోణాలుగా బిగించిన చట్రంలో), ఇలా ఒకవైపు ఒరిగితే, లోపలి చెక్కల్లో కొన్నిటికి లాగుడు బదులు నొక్కుడు రావచ్చు. సామాన్లకు అడ్డొస్తోందని అలాంటి చెక్కను కోయించుకున్న ఇళ్లు చూశాను. వాటిలో తెలుగువారివీ ఉన్నాయి. అటక మీద మనకున్న మమకారం అటువంటిది!

ఇక ఇంటి లోపలి వేడి. అటక సరిగా మూయకపోతే వెచ్చని గాలి పైకి పాకి, మంచు అడుగు పొరను కరిగిస్తుంది. ఆ నీరు కింద వేడి లేని చూరు దాకా పారి గడ్డకట్టి, వెనక వచ్చే నీటికి కట్ట వేస్తుంది. నిలిచిన నీరు షింగిల్స్ కిందికి దూరి గోడల్లోకి దిగుతుంది. చూరు అంచు నుంచి బయటి గోడకు 24 అంగుళాలు లోపలి వరకు నీరు చొరని పొర వేయమని నిబంధన చెప్పేది ఇందుకే. నా అభిప్రాయంలో మాత్రం, డబ్బు ఒక్క పనికే ఉంటే అటక సందులు మూసి, ఇన్సులేషన్ పెంచి, చూరు నుంచి కొప్పుకు చల్లగాలి ఆడేలా చేయించడానికే పెట్టాలి.

జనవరిలో తెలుగు కుటుంబాల నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు పార పట్టుకుని కప్పు ఎక్కమంటారా అనే. వద్దంటాను. పొడవాటి పిడి ఉన్న రూఫ్ రేక్‌తో, అంటే కప్పు మీది మంచును కిందికి లాగే పనిముట్టుతో, నేల మీద నిలబడే లాగాలి, అదీ ఒక వాలంతా ఖాళీ చేసి రెండో వాలు వదిలేయకుండా, రెండు వైపులా మార్చి మార్చి, పలుచని పొరలుగా. ఇన్నాళ్లూ సులువుగా మూసుకున్న లోపలి తలుపు ఉన్నట్టుండి బిగిసినా, సీలింగుకు కొత్త బీట పడినా, రేక్ అక్కడే వదిలి అందరినీ బయటికి తెచ్చి, ఆ తర్వాత ఇంజనీరును పిలవాలి.