ఒకటో హార్మోనిక్ దగ్గర పేచీ

రాత్రి కంప్యూటర్ల క్లస్టర్ మీద పెట్టి వెళ్ళిన రన్ పొద్దున వచ్చేసరికి అయిపోయింది. ఈ మధ్య క్లస్టర్ క్యూ చూస్తే అదే గొప్ప. బలమైన లేజర్ తగిలిన పరమాణువు ఆ లేజర్ ఫ్రీక్వెన్సీకి గుణిజాల్లో వెలువరించే కాంతి (అవే హార్మోనిక్‌లు, ఒకటోది లేజర్ ఫ్రీక్వెన్సీయే) ఎంతో చూసే లెక్క అది. హైడ్రోజన్ పరమాణువు, 800 నానోమీటర్ల లేజర్, చదరపు సెంటీమీటరుకు 10¹⁴ వాట్లు. కటాఫ్ (హార్మోనిక్‌ల వరస ఆగిపోయే చోటు) 32 ఎలక్ట్రాన్ వోల్టుల పైచిలుకు, అంటే సుమారు 21వ హార్మోనిక్ దగ్గర రావాలి, వచ్చింది. లేజర్ ఫీల్డ్‌ని సమీకరణంలో రాయడానికి రెండు పద్ధతులు, లెంగ్త్ గేజ్, వెలాసిటీ గేజ్. ఆ రెండిటి ప్లాట్లు ఒకదానిమీద ఒకటి వేస్తే మూడో హార్మోనిక్ నుంచి కటాఫ్ దాకా గీత మీద గీత కూర్చుంది. ఒకటో హార్మోనిక్ దగ్గర మాత్రం రెండూ ఎడమొహం పెడమొహం.

"గేజ్ మారిస్తే జవాబు మారకూడదు కదక్కా?" అంది జూనియర్ దిగాలుగా.

కోడ్ తెరిపించాను. వెలాసిటీ గేజ్ రొటీన్‌లో ఎలక్ట్రాన్ వేగానికి బదులు ఉత్త మొమెంటమ్ రాసి ఉంది. ఆ గేజ్‌లో మొమెంటమ్‌కి వెక్టర్ పొటెన్షియల్ (ఆ గేజ్‌లో లేజర్ ఫీల్డ్‌ని చూపే రాశి) కలిపితేనే వేగం. వెక్టర్ పొటెన్షియల్‌లో ఉండేది లేజర్ ఫ్రీక్వెన్సీయే కాబట్టి, దాన్ని వదిలేస్తే దెబ్బంతా ఒకటో హార్మోనిక్‌కే. పైవాటికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. చాలామంది పైవాటినే చూస్తారు గనక ఈ తప్పు ఏళ్ళ తరబడి కోడ్‌లో హాయిగా బతికేయగలదు.

అసలు లెంగ్త్ గేజ్‌ని దారికి తేవడానికే ఎక్కువ టైమ్ పట్టింది. అందులో ఎలక్ట్రాన్ ఊగే వేగమంతా వేవ్ ఫంక్షన్ ఫేజ్‌లోనే ఉంటుంది. ఈ ఫీల్డులో ఎలక్ట్రాన్ అటూ ఇటూ 16 బోర్ వ్యాసార్థాల (హైడ్రోజన్ పరమాణువు సైజుకి కొలత) దూరం ఊగుతుంది; ఆ ఫేజ్‌ని సరిగ్గా పట్టాలంటే పదుల కొద్దీ కోణీయ ద్రవ్యవేగాలు (వేవ్ ఫంక్షన్‌ని కోణాల వారీగా విడగొట్టిన ముక్కలు) పెట్టుకోవాలి. వెలాసిటీ గేజ్‌లో ఆ ఫేజ్ ముందే పోతుంది, తక్కువతో సరిపెట్టుకోవచ్చు. దాంతో జూనియర్ వెలాసిటీ పార్టీలో చేరిపోయింది.

టీ దగ్గర భౌతిక శాస్త్రవేత్త విలిస్ లాంబ్ సంగతి చెప్పాను. హైడ్రోజన్ 2ఎస్, 2పీ శక్తి స్థాయిల మధ్య మైక్రోవేవ్ స్పెక్ట్రమ్ లైన్ గురించి 1952లో ఆయన రాసింది దీనికి తిరగేసిన కథ. రెండు స్థాయిలతోనే లెక్క ఆపేస్తే వెలాసిటీ గేజ్ లైన్ ఆకారానికి ఒక అదనపు గుణకాన్ని అంటగడుతుంది; సంభావ్యతలకు మామూలు అర్థం చెల్లేది లెంగ్త్ గేజ్‌లోనే. గేజ్ ఏదైనా ఒకటేనన్న మాట పూర్తి లెక్కకు నిజం. పూర్తి లెక్క చేసేదెవరు? లెక్కలో ఎక్కడ కోత పెట్టామన్నదాన్ని బట్టే గేజ్‌ని ఎంచుకోవాలని నా పట్టుదల. (ఒక గేజ్ నుంచి ఇంకో గేజ్‌కి వెళ్ళే ఈ మార్పిడిని 1931లో ఇచ్చిన మరియా గెప్పర్ట్-మేయర్‌కి నోబెల్ వచ్చింది మాత్రం న్యూక్లియస్ షెల్ మోడల్‌కి!)

సాయంత్రానికి ఒకటో హార్మోనిక్ కూడా కలిసింది. జూనియర్ అంతటితో వదలదుగా, స్ట్రాంగ్ ఫీల్డ్ అప్రాక్సిమేషన్ (బయటపడ్డ ఎలక్ట్రాన్ మీద పరమాణువు లాగుడుని వదిలేసే ఉజ్జాయింపు) పట్టుకొచ్చింది. అక్కడ కోడ్‌లో ఏ తప్పూ లేకపోయినా రెండు గేజ్‌లూ వేరు వేరు జవాబులిస్తాయి. సోమవారం చూద్దాంలే అన్నాను. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి, కొట్టు మూసేలోగా వెళ్ళాలి.