పిల్లల చేతికి పాత ఫోన్ ఇచ్చేముందు

అమెరికాలో పిల్లలు మిడిల్ స్కూల్‌కి వచ్చారంటే ఇంట్లో ఫోన్ మాట మొదలవుతుంది. అప్పుడే కొత్తది కొనివ్వడం ఇష్టం లేని మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది, ఇండియాలో మావయ్యో బాబాయో మార్చేసిన పాత ఫోన్. ఎవరో ఒకరు వస్తూ సూట్‌కేసులో పెట్టుకొస్తారు. ఖర్చు లేదు, నిజమే. కానీ సిమ్ వేయగానే ఇంటర్నెట్ వచ్చినంత మాత్రాన ఆ ఫోన్ ఇక్కడ పనిచేసినట్టు కాదు.

2022లో ఇక్కడి మూడు పెద్ద కంపెనీలూ 3జీ మూసేశాయి. ఏటీ అండ్ టీ ఫిబ్రవరిలో, టీ-మొబైల్ వేసవిలో, వెరైజన్ ఏడాది చివర్లో. అందుకే ఇప్పుడు కాల్ వెళ్లాలంటే వోల్టీ, అంటే 4జీ మీదే మాట వెళ్లే పద్ధతి, ఉండాల్సిందే. జియోలో వోల్టీ చక్కగా పలికిన ఫోన్ ఇక్కడా పలుకుతుందన్న భరోసా లేదు, ఎందుకంటే ఏ కంపెనీ వోల్టీకి కావలసిన సెట్టింగులు ఆ కంపెనీకి తగ్గట్టు ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉండాలి. ఏటీ అండ్ టీ తను ఒప్పుకున్న మోడళ్ల జాబితాలో లేని ఫోన్‌ను కాల్స్‌కు రానివ్వదు. దాని నెట్‌వర్క్ మీదే నడిచే క్రికెట్ అనే ఫోన్ కంపెనీకీ అదే తిప్పలు. ఇక బ్యాండ్ల సంగతి, అంటే టవర్ నుంచి సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీల సంగతి. గోడలు దాటి లోపలికి రావడానికి టీ-మొబైల్ వాడే బ్యాండ్ 71, వెరైజన్ వాడే బ్యాండ్ 13 ఇండియా కోసం తయారైన చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండవు. పార్కింగ్‌లో నాలుగు గీతలు చూపించే ఫోన్ స్కూల్ జిమ్‌లోకి వెళ్లగానే చచ్చుబడుతుంది. వాట్సాప్ మోగుతూనే ఉంటుంది, 911కి మాత్రం కాల్ వెళ్లకపోవచ్చు. పిల్లల ఫోన్‌లో ఇంతకన్నా ప్రమాదం లేదు. ఇండియా ఐఫోన్లు ఈ విషయంలో కొంత నయం. ఆండ్రాయిడ్ అయితే మాత్రం ఇక్కడ అమ్మిన సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనడమే మేలు.

కొనేటప్పుడు *#06# కొట్టించి ఐఎంఈఐ, అంటే ఆ ఒక్క ఫోన్‌కే ఉండే గుర్తింపు నంబరు, రాసుకోండి, 15 అంకెలు. దాన్ని మొబైల్ కంపెనీల సంఘం సీటీఐఏ వారి స్టోలెన్ ఫోన్ చెకర్ సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. అయితే ఈరోజు శుభ్రంగా కనిపించిన నంబరు రేపు బ్లాక్ కావచ్చు. అమ్మినవాడు వాయిదాలు ఇంకా కడుతూ ఉండి, అమ్మేశాక మానేస్తే జరిగేది అదే. అందుకే బాకీ పూర్తిగా తీరిందని వాళ్ల అకౌంట్‌లోనే చూపించమనండి, మొహమాటపడొద్దు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి క్యారియర్ లాక్ ఎదురుగా ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ ఫోన్ మీకు నచ్చిన ప్లాన్‌తో నడవదు. బ్యాటరీ హెల్త్ 80 శాతం లోపు ఉంటే బ్యాటరీ మార్పించే ఖర్చు ధరలో తగ్గించమనండి. అమ్మేవాళ్లు మీ ఎదురుగానే ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ కావాలి. ఆండ్రాయిడ్ అయితే ముందు గూగుల్ అకౌంట్ తీసి, ఆ తర్వాతే రీసెట్ చేయాలి. ఈ వరస తప్పితే ఇంటికొచ్చి ఆన్ చేశాక పాత యజమాని పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది.

ప్లాన్ ఎంచుకునేటప్పుడు ధర సంగతి తర్వాత, ముందు ఇంట్లో, స్కూల్లో ఏ టవర్ బాగా అందుతుందో చూడండి. ప్లాన్లు అమ్మే కంపెనీల్లో మింట్, టెల్లో టీ-మొబైల్ టవర్ల మీద, విజిబుల్ వెరైజన్ టవర్ల మీద నడుస్తాయి. ఇంట్లో వైఫై ఉంటుంది కాబట్టి చాలామంది పిల్లలకు నెలకు రెండు మూడు జీబీలు చాలు. సిమ్ వేశాక ఆండ్రాయిడ్‌లో ఫొటోలు, గ్రూప్ మెసేజ్‌లు రాకపోతే తప్పు ఎక్కువసార్లు ఏపీఎన్‌లో, అంటే ఫోన్‌ను కంపెనీ డేటాకు కలిపే సెట్టింగులో ఉంటుంది. మింట్‌కీ టెల్లోకీ అక్కడ ‘వోల్‌సేల్’ అని ఉండాలి. ఆ తర్వాత వైఫై ఆపి పరీక్షించండి: కాల్ చేయండి, చేయించుకోండి, గ్రూప్‌కి ఒక ఫొటో పంపండి. వైఫై మీదుగా మామూలు కాల్స్ వెళ్లే వైఫై కాలింగ్ ఆన్ చేస్తే అత్యవసర చిరునామా అడుగుతుంది. అందులో మీ ఇంటి చిరునామా అపార్ట్‌మెంట్ నంబరుతో సహా ఇవ్వండి, ఇల్లు మారితే అదీ మార్చండి.

తాతయ్య, అమ్మమ్మలతో పిల్లలు మన ఫోన్ తీసుకోకుండా వాళ్లంతట వాళ్లు మాట్లాడటం ఈ ఫోన్ వల్ల దక్కే పెద్ద లాభం. మనం పక్కన కూర్చుని ‘నమస్కారం చెప్పు, తిన్నావా అని అడుగు’ అని అందిస్తుంటే రాని తెలుగు, ఒంటరిగా మాట్లాడేటప్పుడు తడబడుతూనైనా వస్తుంది. దీనికి అడ్డు పడేవి చాలా చిన్న విషయాలు. ఇండియా నంబర్లు +91తో సేవ్ చేయాలి. ఉత్త పది అంకెలు వేస్తే కాల్ ఎక్కడికో పోతుంది, వాట్సాప్‌లోనూ పేరు కనబడదు. వాట్సాప్‌లో సొంత అకౌంట్‌కి మామూలుగా 13 ఏళ్లు నిండాలి. అంతకన్నా చిన్నవాళ్లకు ఇండియా కాల్స్ కలిసి ఉన్న ప్లాన్ దొరికితే మామూలు ఫోన్ కాలే హాయి, అవతల పెద్దవాళ్లకు కూడా.

టైమ్ తేడా ఒకటి చూసుకోవాలి. న్యూయార్క్ వైపు వేసవిలో రాత్రి 9 అయితే హైదరాబాద్‌లో ఉదయం 6:30. తాతయ్య కాఫీ తాగి ఫోన్ చేసే వేళ అదే. పిల్లల వాడకానికి హద్దులు పెట్టే స్క్రీన్ టైమ్‌లో మనం 8:30కే డౌన్‌టైమ్, అంటే ఫోన్ ఆపే వేళ, పెట్టి ఉంటే ఆ కాల్ లోపలికి రాకపోవచ్చు. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్, కమ్యూనికేషన్ లిమిట్స్‌లో డౌన్‌టైమ్ వేళకు అనుమతించే కాంటాక్టుల్లో నలుగురు పెద్దల పేర్లూ చేర్చండి. వాట్సాప్ అయితే ‘ఆల్వేస్ అలౌడ్’ జాబితాలో విడిగా పెట్టాలి.

సెలవులకు ఊరెళ్లేటప్పుడు ఇదే ఫోన్ వాడాలంటే లాక్ లేకుండా ఉండాలి. ఇక్కడ అమ్మిన ఐఫోన్ 14 నుంచి సిమ్ ట్రే లేదు కాబట్టి జియో, ఎయిర్‌టెల్ షాపులో ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించే సిమ్) అని ముందే చెప్పండి. 18 ఏళ్ల లోపు పిల్లల పేరు మీద అక్కడ సిమ్ ఇవ్వరు, పెద్దల పేరు మీదే తీసుకోవాలి. అమెరికా ప్లాన్‌ను మాత్రం గడువు దాటనివ్వకండి, దాటితే నంబరు పోవచ్చు. బయల్దేరే ముందు ఇక్కడే వైఫై కాలింగ్ ఆన్ చేసి, అమెరికా లైన్‌కు డేటా రోమింగ్ ఆపేయండి.