ఇంట్లో ఆఫీసు, బ్యాంకులో తిప్పలు: నా అనుభవం

మొత్తానికి నా సంస్థ పేరు మీద బ్యాంకులో కరెంట్ అకౌంట్, అంటే వ్యాపారానికి వాడే ఖాతా, తెరుచుకుంది. నిన్ననే చెక్‌బుక్ వచ్చింది. కోపం చల్లారితే మర్యాదగా రాసేస్తానేమోనని ఇప్పుడే రాస్తున్నా.

నేను చేసేది పీఎఫ్ (ఉద్యోగుల భవిష్యనిధి) చిక్కులు విప్పే పని. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో చాలా ఏళ్లు జీతాలు, పీఎఫ్ చూశాను. పాప పుట్టాక ఉద్యోగం మానేశాను గానీ ఫోన్లు మాత్రం ఆగలేదు. "అక్కా, క్లెయిమ్ రిజెక్టయింది", "వదినా, పాత కంపెనీవాళ్లు డేట్ ఆఫ్ ఎగ్జిట్ వేయట్లేదు". అంటే ఉద్యోగం మానేసిన తేదీ. చివరి చందా పడి రెండు నెలలు దాటితే ఆ తేదీ మనమే పీఎఫ్ పోర్టల్‌లో వేసుకోవచ్చు. అది తెలియక ఎంతమంది హెచ్‌ఆర్ వాళ్లను బతిమాలుతుంటారో! ఇక ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పీఎఫ్‌లో ఒక్క అక్షరంగా ఉండటం మన తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చే సమస్య.

కొంచెం గొప్ప చెప్పుకుంటాను. ఒక సెక్యూరిటీ గార్డుకు రెండు యూఏఎన్‌లున్నాయి (యూఏఎన్ అంటే పీఎఫ్ సభ్యుడికిచ్చే నంబరు). కొత్త ఖాతాలో ఐదేళ్లు నిండలేదు, డబ్బు తీస్తే టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను, పడుతుందన్నారు. పాత ఖాతాను కొత్తదానికి ట్రాన్స్‌ఫర్ చేయిస్తే రెండు సర్వీసులూ కలిసి ఐదేళ్లు దాటాయి. ఒక్క రూపాయి కోత లేకుండా డబ్బు చేతికొచ్చింది. ఆయనే బలవంతంగా ఐదొందలు చేతిలో పెట్టాడు. దీనికి జనం డబ్బిస్తారని నాకు తట్టింది అప్పుడే.

తర్వాత ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీ యజమాని నెలనెలా పీఎఫ్ రిటర్నులు నన్నే చూడమన్నారు. ఆయన షరతు ఒక్కటే: బిల్లు సంస్థ పేరుతో ఉండాలి, డబ్బు కరెంట్ అకౌంట్‌కే వేస్తారు.

చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ టీ చల్లారేలోపు అయిపోయింది. ఆధార్, పాన్ ఉంటే చాలు, పైసా ఫీజు లేదు, రెన్యూవల్ లేదు. అచ్చం ప్రభుత్వానిదిలా కనిపించే సైట్లు డబ్బులడుగుతాయి, అటు పోకండి.

ఇక బ్యాంకు. కౌంటర్‌లో సారు ఫారం తిరగేసి "షాపెక్కడ?" అన్నారు. ఇంట్లోనే అన్నాను. అప్పుడు తలెత్తి చూశారు. "మీ ఆయన ఏం చేస్తారమ్మా? ఆయన పేరు మీద తీసుకోండి, ఈజీగా అవుతుంది." పక్క సీటాయనకు కూడా వినిపించేలా "మేడం ఇంట్లో కూర్చుని పీఎఫ్ ఇప్పిస్తారంట" అని నవ్వారు. వెనక క్యూలో మా అపార్ట్‌మెంట్‌వాళ్లు కూడా ఉన్నారు. నా పాన్ కార్డు మీద మా ఆయన పేరు లేదు సార్ అని మాత్రం అనగలిగాను.

సంస్థ పేరుతో బోర్డు కావాలన్నారు. ఓనరాంటీ ససేమిరా అంది. బోర్డు కనిపిస్తే కరెంటోళ్లు మీటరు కమర్షియల్‌కు మారుస్తారని ఆవిడ భయం. ఆవిణ్ణి తప్పు పట్టలేను. చివరికి పేరు ప్రింటు తీసి, లామినేషన్ చేయించి, గ్రిల్ తలుపుకు లోపలివైపు దారంతో కట్టాను. బ్యాంకు పంపిన వెరిఫికేషన్ కుర్రాడు సరిగ్గా పప్పులో తాలింపు పెడుతుంటే వచ్చాడు. "మేడం, బోర్డు మీ చేత్తో పట్టుకోండి, ఫొటోలో ఇద్దరూ రావాలి." నైటీ మీద చున్నీ వేసుకుని, దొంగతనంలో దొరికినవాళ్లను పోలీసులు పలక పట్టించి నిలబెట్టినట్టు నిలబడ్డాను. ఎదురింటావిడ తలుపు తీసి మరీ చూసింది. ఇంత చేస్తే వచ్చిన జవాబు: అక్కడ వ్యాపారం జరుగుతున్నట్టు కనిపించలేదట. నా వ్యాపారమంతా ఒక ల్యాప్‌టాప్, ఒక ఫోను. ఏం కనిపించాలి, పప్పు బస్తాలా?

మళ్లీ వెళ్తే జీఎస్టీ నంబరు తెమ్మన్నారు. సేవలకు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితే కదా సార్ తప్పనిసరి అన్నాను. "అవన్నీ మాకు తెలుసమ్మా" అన్నారు.

ఆ రాత్రి రిజర్వ్ బ్యాంకు కేవైసీ నిబంధనలు, అంటే ఖాతాదారు ఎవరో బ్యాంకు నిర్ధారించుకునే రూల్స్, తెరిచి కూర్చున్నాను. ఒక్కరే నడిపే సంస్థకు వ్యాపారం ఉన్నట్టు రెండు రుజువులు అడుగుతారు. ఉద్యమ్ సర్టిఫికెట్ ఒక రుజువే. రెండోది ఇవ్వడం కుదరదని బ్యాంకుకు నమ్మకం కలిగితే, చిరునామాకు వచ్చి విచారించుకుని ఒక్కదానితోనే అకౌంటు ఇవ్వొచ్చు. ఆ పేజీ ప్రింటు తీసి, పసుపు మార్కరు గీసి, ఇంకో బ్యాంకులో మేనేజరమ్మ ముందు పెట్టాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని మొత్తం చదివింది. "రేపు మా బ్యాంకబ్బాయి వస్తాడు, ల్యాప్‌టాప్ తెరిచి పని చూపించండి" అంది. అంతే, మా ఆయన ప్రస్తావనే రాలేదు.

కాబట్టి ఏ ఆఫీసుకెళ్లినా రూలు కాగితం మీద పట్టుకెళ్లండి. నోటితో చెబితే ఆడవాళ్ల మాట గాలికి పోతుంది. కౌంటర్‌లో కుదరకపోతే మేనేజరు గదిలోకి నేరుగా వెళ్లండి. "అన్నీ కలిపి ప్యాకేజీ" అనే ఏజెంట్లకు మాత్రం దూరంగా ఉండండి, నన్నొకాయన ఎనిమిది వేలడిగాడు.

చుట్టాలకు ఇకనుంచి సలహా ఉచితం, పనికి ఫీజు. మా పిన్ని అలిగింది, అలగనివ్వండి. ఎవరి ఓటీపీ, పాస్‌వర్డ్ నేను తీసుకోను, పక్కన కూర్చుని వాళ్ల చేతే కొట్టిస్తాను.

ఫ్యాక్టరీది గత నెల పీఎఫ్ ఈ 15లోపు కట్టాలి. యజమానిగారు హాజరు పట్టీ ఇంకా పంపలేదు, ఫోన్ చేయాలి.