మధ్యాహ్నపు కొలత

నిన్న మధ్యాహ్నం తప్పు తీర్పు ఇచ్చాను. కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నల్‌లో 6.1 వెర్షన్ కంటే 6.6 నెమ్మది అని నోటుపుస్తకంలో రాసి, కింద గీత కూడా గీశాను. ఈ తెల్లవారుజామున ఆ వాక్యం కొట్టేశాను.

హనుమకొండలో మే నెల. నా గది మేడ మీద. నిన్న 6.1ను ఉదయం తొమ్మిదింటికి కొలిచాను, 6.6ను మధ్యాహ్నం రెండింటికి. పని ఒక్కటే: ప్రాసెసర్‌లోని అన్ని కోర్లతో కెర్నల్ సోర్సును కంపైల్ చేయడం, అంటే రాసిన కోడును యంత్రం నడపగల రూపంలోకి మార్చడం. కంపైలర్, అమరికలు అన్నీ ఒకటే. గది వేడి సంగతి మాత్రం తట్టలేదు. ప్రాసెసర్ బాగా కాగితే తనను కాపాడుకోవడానికి తానే వేగం తగ్గించుకుంటుంది. నేను కొలిచింది కెర్నల్‌ను కాదు, మా స్లాబును.

నిజానికి ఫలితం చూడగానే అనుమానం రావాల్సింది. 2023 అక్టోబరులో వచ్చిన 6.6లో అసలు మార్పు షెడ్యూలర్‌ది, అంటే ఏ పనికి ప్రాసెసర్ ఎప్పుడు దక్కాలో తేల్చే భాగానిది. 2007లో 2.6.23తో వచ్చిన సీఎఫ్‌ఎస్ పద్ధతి స్థానంలో ఈఈవీడీఎఫ్ వచ్చింది. పాతది ప్రాసెసర్ సమయం ఎవరికి తక్కువ దక్కిందో చూసి వారిని ముందుకు పిలిచేది. కొత్తది తన వాటాకు మించి వాడుకోని పనులను ఏరి, వాటిలో ఎవరి గడువు ముందుందో చూస్తుంది. ఎంత అందమైన ఆలోచన! దాని ప్రభావం కనిపించాల్సింది ఒక పని తన వంతు కోసం ఎంతసేపు ఆగుతుందన్న చోట. మొత్తం కంపైల్ సమయం అంతగా మారడానికి కారణమే లేదు.

రాత్రి అన్నం తింటూ బాపుకు చెప్పాను. ఏళ్లుగా ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోలిన మనిషి. కెర్నల్ అంటే ఏమిటో అడగలేదు.

"రెండూ ఒకే పూట కొలిచావా? ఒకే చేను పత్తికి పొద్దున ఒక తేమ, ఎండెక్కాక ఒక తేమ. ధర ఆ తేమను బట్టే కదా," అన్నాడు.

ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

నాలుగింటికి లేచాను. ప్రాసెసర్ తన వేగాన్ని తానే పెంచుకునే టర్బోను ఆపేశాను. ఫైళ్లు మెమరీలోకి చేరడానికే సరిపోయే మొదటి పరుగును రెండింటిలోనూ లెక్కలోంచి తీసేశాను. ఆ తర్వాత ఒకసారి 6.1, ఒకసారి 6.6, మళ్లీ 6.1, ఇలా మార్చి మార్చి, ప్రతిసారీ యంత్రం చల్లబడేదాకా ఆగి నడిపాను. ఒకే కెర్నల్ రెండు పరుగుల మధ్య వచ్చిన తేడా కంటే రెండు కెర్నళ్ల మధ్య తేడా చిన్నది. కాబట్టి కంపైల్‌లో ఏది వేగమో నా దగ్గర సమాధానం లేదు. అలాగే రాసుకున్నాను.

అసలు పరీక్ష ఇంకా ఉంది: కోర్లన్నీ పనిలో మునిగి ఉన్నప్పుడు, నిద్ర లేచిన పనికి ప్రాసెసర్ ఎంతసేపటికి దక్కుతుంది? 6.1ను కొలవడం అయింది. 6.6 మొదలుపెట్టబోతుంటే తూర్పు గోడకు ఎండ తగిలింది. చేయి పెట్టి చూశాను, అప్పటికే వెచ్చగా ఉంది. యంత్రం ఆపేసి, 6.1 అంకెలు కూడా కొట్టేశాను. రేపు నాలుగింటికి రెండూ కలిపి మొదటి నుంచి.