ఆదిల్ ఇమామ్ సినిమాలతో అరబ్బీ నేర్చుకున్నాను

2014లో కువైట్‌లో ఇంటి డ్రైవర్‌గా దిగాను. మాది రాయచోటి. ముందే వచ్చిన మావాళ్లు "మూడు నెలల్లో అరబ్బీ అదే వచ్చేస్తుందిలే" అన్నారు. రాలేదు. మామా (మా యజమానురాలు) ఫోన్‌లో గబగబా చెప్పేదాంట్లో "తఆల్", అంటే రమ్మన్న మాట, ఒక్కటే అందేది. ఫోన్ మోగితే చాలు, టెన్షన్.

పక్క బిల్డింగ్ హారిస్, అదే వాచ్‌మన్, ఈజిప్టు మనిషి. ఊరు అస్యూత్. పెద్దాయన కదా, అందరూ "యా అమ్" అనేవాళ్లు. మనం చిన్నాయనా అన్నట్టే. ఆ ఏడు రంజాన్ నెలలో ఇఫ్తార్ అయ్యాక ఆయన గదిలో 'సాహిబ్ అస్సఆదా' సీరియల్ చూసేవాళ్లం. అందులో హీరో, ఈజిప్టు నటుడు ఆదిల్ ఇమామ్‌కు అప్పటికే 74 ఏళ్లు. మాట అర్థం కాకపోయినా ఆ కళ్లూ, ఆ పెదవి విరుపూ చూస్తే కోపమో వెటకారమో తెలిసిపోయేది. నేర్చుకుంటే ఈయన దగ్గరే అనుకున్నాను.

పది సినిమాలు చూడకుండా ఒక్కటే పట్టుకున్నాను. 1992 నాటి 'అల్ ఇర్హాబ్ వల్ కబాబ్', అంటే ఉగ్రవాదం, కబాబ్. పిల్లల్ని వేరే బడికి మార్పించే కాగితం కోసం ఓ మామూలు తండ్రి (ఆదిల్ ఇమామే) కైరో తహ్రీర్ చౌక్‌లోని ముగమ్మా అనే పెద్ద ప్రభుత్వ భవనం చుట్టూ తిరుగుతాడు. సంతకం పెట్టాల్సినాయన ఎప్పుడు చూసినా నమాజులోనే ఉంటాడు. పెనుగులాటలో తుపాకీ చేతికొచ్చి, ఆ తండ్రే ఉగ్రవాది అయిపోతాడు. ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్లెవరికైనా ఈ కథ వేరే చెప్పక్కర్లేదు.

రోజూ పది నిమిషాలు చూసి, విన్నది విన్నట్టు తెలుగులో నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. పొద్దున హారిస్‌కు చదివి వినిపిస్తే ఆయన దిద్దేవాడు. అప్పుడే అర్థమైంది, ఈజిప్టు వాళ్లు 'జ'ను 'గ' అంటారని. రజుల్ అంటే మగవాడు, వాళ్ల నోట రాగిల్. కాఫీ నేను పనిచేసే కువైటీ ఇంట్లో గహ్వా, సినిమాలో అహ్వా.

అలా నేర్చిన మాటలు మా ఇంట్లో వాడాను. మామాకు అన్నీ అర్థమయ్యాయి. అరబ్బు దేశాల్లో ఎక్కడైనా ఈజిప్టు సినిమాలు చూసే పెరుగుతారు మరి. చిక్కల్లా ఆమె కువైటీలో జవాబిచ్చినప్పుడే. అందుకే పేజీ మధ్యలో గీత గీసి రెండు వరుసలు చేశాను, ముందు ఈజిప్టు మాట, తర్వాత కువైటీ మాట. ఎలా ఉన్నావు: ఇజ్జయ్యక్, ష్లోనక్. ఇప్పుడు: దిల్వతి, అల్హీన్. కావాలి: ఆయిజ్, అబీ. నిజంగా నన్ను గట్టెక్కించింది ఆ గీతే.

దిద్దుతూ దిద్దుతూ హారిస్ తన హీరో సంగతులూ చెప్పేవాడు. కైరో యూనివర్సిటీలో వ్యవసాయం చదివి నాటకాల్లోకి వెళ్లాడట. 1980లో గూఢచారి వేషంతో ఒక సీరియల్ చేశాక, మళ్లీ 2012 దాకా టీవీ సీరియల్ ముట్టలేదు. వాటన్నిటికన్నా హారిస్ మళ్లీ మళ్లీ చెప్పింది 1988 సంగతి. అస్యూత్‌లో తీవ్రవాదులు నాటకాలు ఆడనివ్వని రోజుల్లో ఆదిల్ ఇమామ్ తన బృందాన్ని వెంటబెట్టుకుని అక్కడికే వెళ్లి నాటకం ఆడాడు. "మా ఊరికొచ్చాడు" అంటూ హారిస్ గుండెమీద చెయ్యి వేసుకునేవాడు. సినిమాల్లో వీరుడిగా కనిపించే వాళ్లు చాలామందే ఉంటారు, ఈయన నిజంగానే వెళ్లాడు. ఆదిల్ ఇమామ్ మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

ఆరు నెలల తర్వాత ఒక రాత్రి అదే సినిమా టీవీలో వచ్చింది. మీ డిమాండ్లేమిటని ప్రభుత్వం అడిగే ఘట్టంలో నాకు నవ్వొచ్చేసింది. హారిస్ కన్నా ముందే నవ్వాను. ఆయన వెంటనే టీవీ సౌండ్ తగ్గించి "బియిఊల్ ఏ?" అన్నాడు. ఏమంటున్నాడో చెప్పమని.

ఆకలేస్తోందట, కబాబ్ తెప్పించమంటున్నారని అరబ్బీలోనే చెప్పాను.

ఆయనేమీ అనలేదు. నా గ్లాసు నిండా మళ్లీ టీ పోసి, చక్కెర డబ్బా నా వైపు జరిపాడు.