చిన్నమ్మకు సదరం సర్టిఫికెట్ వచ్చిన తీరు

మా చిన్నమ్మ ముప్పై ఏళ్లుగా వంగే నడుస్తోంది. ఆ వంగడం ఎంత శాతమో కాగితం మీద రాయించుకుని, దాని మీద పింఛను అందుకునేసరికి మాకు పదకొండు నెలలు పట్టింది. నేను హైదరాబాదులో ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు రాసే ఉద్యోగిని. రోజంతా కాగితాలతోనే పని కాబట్టి ఈ పని నాకు ఒక లెక్క కాదనుకుని బయలుదేరాను.

చిన్నమ్మది నల్లగొండ జిల్లాలో మర్రిగూడ దగ్గరి ఊరు. ఆ పక్క ఊళ్ల సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదంటారు. అక్కడి బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉన్న నీళ్లనే రెండు మూడు తరాలు తాగాయి. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తేర్చే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు. నాగపూరులోని 'నీరి' సంస్థ 1970లలో రూపొందించిన ఆ 'నల్లగొండ పద్ధతి' గురించి నేను డిగ్రీలో చదివి పరీక్షలో మార్కులు కూడా తెచ్చుకున్నాను. అదే కాలంలో చిన్నమ్మ ఇంటి బిందెలో బోరు నీళ్లే ఉండేవి. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి గాని, ఒకసారి గిడసబారిన ఎముక మంచినీళ్లు తాగినంత మాత్రాన తిరిగి సాగదు.

2021 అక్టోబరులో మీసేవలో సదరానికి, అంటే వైకల్యం ఎంత శాతమో వైద్యులు చూసి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్షకు, స్లాటు తీసుకుని, తెలిసినవాళ్ల కారు మాట్లాడుకుని, చండూరు మీదుగా చిన్నమ్మను జిల్లా కేంద్రానికి తీసుకుపోయాను. చుట్టాల పెళ్లికి పోతున్నట్టు ఆమె పెట్టెలోంచి కొత్త చీర తీసి కట్టుకున్నది. మా వంతు వచ్చింది. లోపల డాక్టరు ఏమడిగినా చిన్నమ్మ నోట ఒకటే మాట: "అంత బాగనే ఉన్నది సారూ." కూర్చుంటావా అంటే కూర్చుంటాననీ, పని చేసుకుంటావా అంటే ఎవరు చేస్తారనీ చెప్పింది. నేను వెనకాల ఫైలు పట్టుకుని నిలబడ్డాను తప్ప నోరు విప్పలేదు. మా దగ్గర ఎక్స్‌రేలు లేవు. వాటిని తీసుకురావాలని నాకు తోచనే లేదు. చూసినదాన్ని బట్టి, చెప్పినదాన్ని బట్టి వాళ్లు శాతం వేశారు. అది నలభైకి తక్కువ వచ్చింది. నలభై శాతం లేకపోతే పింఛను లేదు.

నాకు ఆ రోజు వైద్యుల మీద కోపం వచ్చిన మాట నిజమే. నిదానంగా ఆలోచించాక ఆ కోపం వాళ్ల మీద పెట్టుకోవలసింది కాదని అర్థమైంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. వాటిలో ఫ్లోరోసిస్ అనే పేరు, అంటే ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు బిగుసుకుపోయే చిన్నమ్మ రోగం పేరు, విడిగా లేదు. రోగం పేరేదైనా, కాళ్లూ చేతులూ నడుమూ ఎంతవరకు కదులుతున్నాయన్నదే అక్కడ కొలత. కదలికలన్నీ ఉన్నాయని చెప్పే మనిషికి ఎక్కువ శాతం ఎవరు మాత్రం వేస్తారు?

తిరిగి వచ్చిన మరునాడు ఆ కాగితం నకలు కోసం మండల కేంద్రంలోని ఒక చిన్న జిరాక్స్ దుకాణానికి పోయాను. దాన్ని నడిపే ఆమెకు చిన్నప్పుడే పోలియో సోకింది. ఒక కాలికి ఇనుప పట్టీల బూటు ఉంటుంది. అందరూ ఆమెను జిరాక్స్ అక్క అనే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను. కాగితాన్ని యంత్రంలో పెట్టబోయి, ఆగి, చదివి, మూడు ప్రశ్నలు అడిగింది. ఎక్స్‌రేలు తీయించినవా? లోపలికి ఎంబడి ఎవరు పోయిండ్రు? పెద్దమనిషి ఏమని చెప్పింది? నేను జవాబులు చెప్పాక, "మరింకేం, నువ్వు సదువుకున్నోనివి గదా" అన్నది. అందులో వెటకారం ఎంతో, జాలి ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

కౌంటరు కింది నుంచి ఆమె ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు తీసింది. బడిపిల్లలు రాసుకునేలాంటిదే, అట్టకు కుట్టిన దారం ఊడి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. పేజీకి ఒక మనిషి. పేరు, ఆధార్‌లో ఉన్న పేరు, స్లాటు తేదీ, సదరం నంబరు, వచ్చిన శాతం, పింఛను మొదలైన నెల. కొన్ని పేజీలలో చివరి గడి ఖాళీగా ఉంది. రెండు మూడింటి మీద అడ్డగీత కొట్టి 'చనిపోయినారు' అని రాసి ఉంది. సదరం మొదలైన తొలి రోజుల్లో తన సర్టిఫికెట్ కోసం తాను తిరిగిన తిరుగుడే తనకు చదువైందనీ, ఆ తర్వాత ఎవరో ఒకరు అడుగుతూ ఉండడంతో రాసిపెట్టుకోవడం అలవాటైందనీ చెప్పింది. నకలుకు తీసుకునే డబ్బులు తప్ప ఆమె ఎవరి దగ్గరా ఇంకేమీ తీసుకోదు. అదే వీధిలో ఒకాయన ఐదు వేలిస్తే 'శాతం చూసుకుంటాను' అన్నాడు. ఆయన దగ్గరికి పోతానేమోనని అక్క నన్ను రెండుసార్లు హెచ్చరించింది కూడా.

ఫ్లోరైడు మీద పోరాడినవాళ్ల పేర్లు జిల్లాలో చాలామందికి తెలుసు. దుశ్చర్ల సత్యనారాయణ గారు జలసాధన సమితి పెట్టి ఈ గోడును ఢిల్లీ దాకా వినిపించారు. 2023 జనవరిలో కన్నుమూసిన శివన్నగూడెం వాసి అంశల స్వామి, ఎదగని తన దేహాన్నే లోకానికి సాక్ష్యంగా చూపించారు. వాళ్ల మాట వచ్చినప్పుడు అక్క, "వాళ్లు నీళ్ల కోసం కొట్లాడిండ్రు, నాకు కాయితాలే తెలుసు" అని ఊరుకున్నది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె తన మూడు చక్రాల బండి మీద చిన్నమ్మ ఇంటికి వచ్చింది. మంచం పక్కన కూర్చుని, పొద్దున కళ్లు తెరిచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా ఏమేం చేస్తావో వరుసగా చెప్పమన్నది. నేను రాస్తూ కూర్చున్నాను. ప్రతి పండక్కీ ఆ ఇంట్లో తిని పడుకునే నాకు ఆ మధ్యాహ్నం తెలిసిన సంగతులు ఇవి. చిన్నమ్మ వెల్లకిలా పడుకోలేదు. వీపు పరుపుకు ఆనదు కాబట్టి రెండు దిండ్ల మీద ఒరుగుతుంది. తల వెనక్కి వాలదు కాబట్టి గ్లాసులో అడుగున మిగిలిన నీళ్లు తాగలేక పారబోస్తుంది. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పడం కుదరక మనిషి మనిషే తిరుగుతుంది. చేతులు భుజాలు దాటి లేవవు. జడ వేసేది పక్కింటి కోడలు. గొంతుక్కూర్చోవడం కుదరదు కాబట్టి, నడుమ రంధ్రం చేసిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి దొడ్లో పెట్టుకున్నది. ఆ కుర్చీని నేను ఎన్నోసార్లు చూసి, విరిగిపోయిందనుకున్నాను.

ఇవన్నీ డాక్టరు ముందు ఎందుకు చెప్పలేదని అక్క అడిగింది. "రోగమున్నదని నలుగుట్ల చెప్పుకుంటే ఇంటికి నామోషి గాదా బిడ్డా" అన్నది చిన్నమ్మ. అందుకు అక్క, "డాక్టరు సారు నీ వియ్యంకుడు గాదు చిన్నమ్మా. లేనిది చెప్పకు, ఉన్నది దాయకు. రోజూ ఎట్ల నడుస్తవో అట్లనే నడువు" అని, కొత్త చీర వద్దని కూడా చెప్పి పోయింది.

తర్వాతి పనులు ఆమె చెప్పిన వరుసలోనే చేశాను. మొదట ఆధార్. అందులో చిన్నమ్మ పేరులో ఒక అక్షరం తేడా, పుట్టిన సంవత్సరం తప్పు. ఈ తప్పు సదరంలోకి, అక్కడి నుంచి పింఛను దరఖాస్తులోకి పాకుతుందని, ముందు దీన్ని సరిచేయించనిదే కదలవద్దని అక్క పట్టుపట్టింది. దానికే ఆరు వారాలు పోయాయి. తర్వాత వెన్నెముకకు, కటి భాగానికి, ముంజేతికి ఎక్స్‌రేలు తీయించాము. ముంజేతిలో రెండు ఎముకల నడుమ మెత్తగా ఉండవలసిన పొర సున్నం పట్టి ముళ్లలా తేలడం ఫ్లోరోసిస్‌కు గట్టి గుర్తు. ఆ సంగతి నాకు అక్కే చెప్పింది. ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూపించింది. వైద్యుల నిర్ణయం నచ్చనివాళ్లు అప్పీలు చేసుకునే వీలు చట్టంలోనే ఉందని చెప్పి, మళ్లీ పరీక్షించమని అర్జీ కూడా ఆమే చెప్పి రాయించింది.

రెండోసారి 2022 మార్చిలో పోయాము. ఈసారి కారు లేదు. వాళ్ల నాయనమ్మ పేజీ అక్క నోటుబుక్కులో ఉన్న ఒక ఆటో పిల్లగాడు డీజిల్ డబ్బులకే వచ్చాడు. మేము చేరేసరికే అక్కడ వందమంది దాకా ఉన్నారు. అక్క ఇనుప బూటుతో టకటకమంటూ అటూ ఇటూ తిరిగి, నిలబడలేనివాళ్లను ముందు కూర్చోబెట్టాలని అక్కడి అటెండరుకు చెప్పింది. ఆయన అంతకుముందే ఆమెను ఎరిగినవాడిలా ఉన్నాడు. మారు మాట్లాడకుండా వరండా చివరి నుంచి రెండు బెంచీలు లాక్కొచ్చాడు.

లోపల డాక్టరు ఎలా ఉందని అడిగారు. చిన్నమ్మకు అలవాటైన మాటే నోటికి వచ్చింది: "అంత బాగనే..." అంటూ ఆగింది. అక్క వైపు చూసింది, అంటే మనిషి మొత్తం అటు తిరిగింది. మళ్లీ డాక్టరు వైపు తిరిగి, "ఇంటి కప్పు చూసి చానేండ్లాయె సారూ" అన్నది. ఆయన రాస్తున్న కలం పక్కన పెట్టి లేచి వచ్చారు. కోణాలు కొలిచే పరికరంతో భుజం, మోకాలు, తుంటి కొలిచారు, మెడ ఎంత తిరుగుతుందో చూశారు, ఫిల్ములు ఒక్కొక్కటే దీపం ముందు పెట్టి చూశారు. సర్టిఫికెట్ వచ్చినప్పుడు దాని మీద 62 శాతం అని ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని సంతోషించాలో, ఆ అంకెను చూసి ఏడవాలో తెలియక చిన్నమ్మ కొంగుతో దానికి అంటిన దుమ్ము తుడిచింది.

పింఛను దరఖాస్తు పంచాయతీ నుంచి మండల కార్యాలయానికి పోయి అక్కడ ఆగింది. కొత్త పింఛన్లు ఇవ్వని రోజులవి. 2022 ఆగస్టులో ప్రభుత్వం కొత్తగా పది లక్షల ఆసరా పింఛన్లు మొదలుపెట్టినప్పుడు చిన్నమ్మ పేరు జాబితాలో కనబడింది. వికలాంగులకు అప్పట్లో నెలకు 3,016 రూపాయలు; మరుసటి ఏడాది 4,016 అయింది. అయితే పోస్టాఫీసు యంత్రం మీద వేలు పెడితే ముద్ర పడలేదు. పత్తి ఏరి ఏరి వేళ్ల మీది గీతలన్నీ అరిగిపోయి ఉన్నాయి. పది వేళ్లూ పెట్టి చూశారు. చివరికి పంచాయతీ కార్యదర్శి వచ్చి తన వేలిముద్ర మీద డబ్బు ఇప్పించారు.

చిన్నమ్మ అందులోంచి ఐదు వందలు తీసి అక్కకు ఇమ్మని నా చేతిలో పెట్టింది. అక్క తీసుకోలేదు. నోటుబుక్కు తెరిచి చిన్నమ్మ పేజీలో ఖాళీగా ఉన్న గడిలో నెల పేరు రాసుకుని, పేజీ తిప్పి, "వచ్చే మంగళారం ఈ తాతకు స్లాటున్నది. ఎంబడి పోయేటోళ్లు లేరు. నీకు సెలవు దొరుకుతదా?" అని అడిగింది.

సెలవు పెట్టాను. ఆదివారం ఆ తాత ఇంటికి పోయి, మంచం పక్కన కూర్చుని, పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం చేస్తావు తాతా అని అడిగాను. ఆయన కర్రను గోడకు ఆనించి, చొక్కా సర్దుకుని, "నాకేం కొడుకా, అంత బాగనే ఉన్నది" అన్నాడు. నేను కలం మూత తీసి, లేచేటప్పుడు మంచం పట్టె పట్టుకుంటావా, గోడ పట్టుకుంటావా అని అడిగాను.